టిగిస్ట్ అసెఫా పరుగు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: 800 మీటర్ల పోటీల్లో పరుగెత్తిన అమ్మాయే మారథాన్‌లో ప్రపంచ రికార్డు కొట్టిందని చదివాను. ఈ రెండింటికీ పొంతన ఎక్కడ?

జవాబు: మీరు చదివింది నిజమే. ఇథియోపియా క్రీడాకారిణి టిగిస్ట్ అసెఫా 2014లో 800 మీటర్లను 1 నిమిషం 59.24 సెకన్లలో పరుగెత్తింది. 2016 రియో ఒలింపిక్స్‌లో అదే పోటీకి దిగి, హీట్స్ అనే తొలి వడపోత పరుగుల్లోనే వెనుదిరిగింది. ఏడేళ్ళ తర్వాత, 2023 సెప్టెంబరు 24న, బెర్లిన్ మారథాన్‌ను 2 గంటల 11 నిమిషాల 53 సెకన్లలో ముగించింది. అంతకు ముందు రికార్డు కెన్యాకు చెందిన బ్రిజిడ్ కోస్గేది, 2:14:04. అంటే ఒక్క దెబ్బకు 2 నిమిషాల 11 సెకన్లు తగ్గింది. 2024 అక్టోబరులో షికాగోలో కెన్యాకే చెందిన రూత్ చెప్‌న్గెటిచ్ 2:09:56తో దాన్ని దాటింది.

పొంతన లెక్క వేస్తే తెలుస్తుంది. 2:11:53 అంటే కిలోమీటరుకు సుమారు 3 నిమిషాల 7న్నర సెకన్లు. 400 మీటర్ల ట్రాక్ మీదైతే రౌండుకు 75 సెకన్లు, అలా 105 రౌండ్లు, ఆ పైన ఇంకో అర రౌండు. అలవాటు లేనివాళ్ళు ఒక్క రౌండు 75 సెకన్లలో తిరిగితేనే రొప్పుతారు. కానీ 800లో టిగిస్ట్ ఒక్కో రౌండుకు పట్టిన సమయం 60 సెకన్ల లోపే. ఆ కాళ్ళకు 75 సెకన్ల రౌండు కష్టమైన వేగం కాదు. దాన్ని రెండు గంటల పైన నిలబెట్టే దమ్ము కావాలి, అది సాధనతో వస్తుంది. పుట్టుకతో వేగం లేనివాళ్ళే మారథాన్‌కు పోతారన్న మాట ఇకనైనా మానుకోవాలి.

ఆమె రోడ్డు మీదికి రావడానికి అసలు కారణం మాత్రం గాయం. మడమ వెనక ఉండే అకిలెస్ స్నాయువు, స్పైక్స్ అనే మేకుల ట్రాక్ బూట్లు వేసుకుంటే బాధపెట్టేది. స్పైక్స్‌లో మడమ కింద దాదాపు ఏమీ ఉండదు, మునివేళ్ళ మీదే పరుగు. అడుగడుగునా పిక్క, స్నాయువు చివరికంటా సాగుతాయి. మందమైన మడమ ఉన్న రోడ్డు బూట్లలో ఆ లాగుడు తగ్గుతుంది.

ప్రశ్న: మొదటి మారథాన్‌కూ రెండోదానికీ 18 నిమిషాల తేడా ఎలా సాధ్యం? ఎత్తు ప్రదేశంలో సాధన చేయడమే రహస్యమా?

జవాబు: 2022 మార్చిలో రియాద్‌లో ఆమె సమయం 2:34:01. అదే ఏడు సెప్టెంబరులో బెర్లిన్‌లో 2:15:37తో గెలిచింది. ఎత్తు ఒక్కటే కారణమైతే ఈ తేడా రాకూడదు, ఎందుకంటే రియాద్ వెళ్ళినప్పుడూ ఆమె ఎత్తైన ఇథియోపియా మనిషే. బెర్లిన్ దారి చదునుగా ఉంటుంది, సెప్టెంబరు చివర చల్లగా ఉంటుంది, పక్కన పేసర్లు, అంటే వేగం నిలబెట్టడానికి ముందు పరుగెత్తేవాళ్ళు, ఉంటారు. సాధన కూడా అక్కడికి పండింది.

ఎత్తు పనిచేసే తీరు చెప్తాం. అడ్డిస్ అబాబా సముద్రమట్టానికి 2,300 మీటర్ల పైన ఉంది, ఊరి పక్కనున్న ఎంటోటో కొండ ఇంకా ఎత్తు. గాలిలో ఆక్సిజన్ పలచబడేసరికి మూత్రపిండాలు ఎరిత్రోపొయటిన్ హార్మోన్‌ను ఎక్కువగా వదులుతాయి, దాంతో ఎర్ర రక్తకణాలు పెరుగుతాయి. ఆ కణాల తయారీకి ఇనుము కావాలి. ఒంట్లో ఇనుము నిల్వలు అడుగంటి ఉంటే నెలల తరబడి కొండ మీద ఉన్నా ఫలితం రాదు, అలసటే మిగులుతుంది. ఆడవాళ్ళలో ఇది తరచూ జరుగుతుంది కాబట్టి ముందుగా ఇనుము నిల్వలు చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించుకోవాలి.

ఇంకో చిక్కు ఉంది. ఎత్తులో ఆయాసం ముందే వచ్చేస్తుంది, కాళ్ళు వాటి పూర్తి వేగం అందుకోలేవు. అందుకే అక్కడి రన్నర్లు పనులు పంచుకుంటారు. ఎంటోటో యూకలిప్టస్ అడవిలో నెమ్మది పరుగు. ఒకరి వెనక ఒకరు వరసగా, చెట్ల మధ్య వంకరటింకరగా పోతారు. మెత్తటి నేల, చెట్ల వేళ్ళు, గుంతలు. వేగం దానంతటదే తగ్గుతుంది, చీలమండలు గట్టిపడతాయి. కంకర రోడ్డును వాళ్ళు కొరొకోంచ్ అంటారు, మధ్యరకం పరుగులు దాని మీద. గట్టి పరుగులకు దిగువ ప్రాంతాల తారు రోడ్లకు వాహనాల్లో వెళ్తారు.

తొలి మారథాన్‌లో చాలామందిని దెబ్బతీసేది తిండి లెక్క. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ అనే నిల్వ పిండిపదార్థం సుమారు 400 నుంచి 500 గ్రాములు నిల్వ ఉంటుంది, అంటే 2,000 కేలరీల లోపు. 50 కిలోల మనిషి 42 కిలోమీటర్లకు ఖర్చు చేసేది దాదాపు 2,100. కొంత కొవ్వు నుంచి వచ్చినా, వేగం పెరిగేకొద్దీ ఆ వాటా పడిపోతుంది. 30 కిలోమీటర్లు దాటాక కాళ్ళు సీసం ముక్కల్లా అయ్యేది ఇందుకే. పోటీలో 5 కిలోమీటర్లకోసారి సీసా అందుకుని, గంటకు 60 నుంచి 90 గ్రాముల పిండిపదార్థం పడేలా చూసుకోవాలి. అంత చక్కెరకు పేగు అలవాటు పడటానికి వారాలు పడుతుంది. సాధనలో తాగని పానీయాన్ని పోటీ రోజున మొదటిసారి తాగితే కడుపు పట్టేస్తుంది.

ప్రశ్న: బెర్లిన్ రికార్డు ఆమెదా, ఆమె బూట్లదా?

జవాబు: ఇద్దరిదీ అనడం న్యాయం. ఆమె వేసుకున్న అడిడాస్ అడిజీరో అడియోస్ ప్రో ఈవో 1 ఒక్కో బూటు బరువు 138 గ్రాములు, జత ధర అప్పట్లో 500 డాలర్లు. ముగింపు గీత దాటాక ఆమె ఒక బూటు విప్పి ముద్దు పెట్టుకుంది. నియమాల ప్రకారం రోడ్డు బూటు అడుగుభాగం మందం 40 మిల్లీమీటర్లు మించకూడదు, ఆ హద్దు అందరికీ ఒకటే. ఆమె మొదటి సగం 66 నిమిషాల 20 సెకన్లలో, రెండో సగం 65 నిమిషాల 33 సెకన్లలో ముగించింది. అలసిన కాళ్ళతో రెండో సగం 47 సెకన్లు వేగంగా పరుగెత్తడం బూటు నేర్పే విద్య కాదు.

ప్రశ్న: 2025లో లండన్‌లో 2:15:50కి కూడా రికార్డు అన్నారు. అది బెర్లిన్ కన్నా నెమ్మది కదా?

జవాబు: మహిళల మారథాన్‌కు రెండు రికార్డులు ఉంటాయి. బెర్లిన్‌లో మగవాళ్ళతో కలిసి పరుగు, పురుష పేసర్లు చివరిదాకా గాలిని అడ్డుకుంటూ ముందుండొచ్చు. లండన్‌లో అగ్రశ్రేణి మహిళలు విడిగా బయలుదేరతారు, పురుష పేసర్లు ఉండరు. అలా మహిళలే పరుగెత్తే పోటీల్లో 2:15:50 అప్పటికి రికార్డు, పాతది 2024లో అక్కడే కెన్యాకు చెందిన పెరెస్ జెప్‌చిర్చిర్ చేసిన 2:16:16.

ప్రశ్న: 800 మీటర్ల వేగం ఉన్న మనిషి పారిస్ ఒలింపిక్స్ ఆఖరి స్ప్రింట్‌లో ఎందుకు ఓడింది?

జవాబు: 2024 పారిస్‌లో గెలిచిన నెదర్లాండ్స్ రన్నర్ సిఫాన్ హసన్ 2:22:55, టిగిస్ట్ 2:22:58. ఆఖరి మలుపులో హసన్ లోపలి వైపు నుంచి దూరింది, ఇద్దరూ ఒకరినొకరు తోసుకున్నారు, ఇథియోపియా ఫిర్యాదును అధికారులు తోసిపుచ్చారు. కానీ ఓటమికి ఆ తోపులాటే కారణమని మేం అనుకోవడం లేదు. ఆమె వెనకబడింది 2024 లండన్‌లో 7 సెకన్లు, పారిస్‌లో 3, 2025 టోక్యో ప్రపంచ పోటీల్లో 2. మూడుసార్లూ చివరిదాకా పక్కన ఒక మనిషి ఉంది, మూడుసార్లూ టిగిస్ట్‌కు రెండో స్థానమే. 42 కిలోమీటర్ల తర్వాత తాజా కాళ్ళ వేగం లెక్కలోకి రాదు, అలసిన కాళ్ళలో ఎంత మిగిలిందన్నదే లెక్క. ఆమె గెలిచిన బెర్లిన్, 2025 లండన్ పరుగులు చూడండి: గీత చాలా దూరం ఉండగానే విడిపోయింది. ఆ లండన్‌లో రెండో స్థానం దాదాపు 3 నిమిషాల వెనక ఉంది. పక్కన ఎవరూ మిగలకుండా ముందే వేగం పెంచడమే ఆమె బలం. నెమ్మదిగా సాగే పతకాల పోటీలు ఆమెకు అచ్చిరావు.

ప్రశ్న: అసెఫా ఇంటిపేరా? ఇథియోపియా రన్నర్లు తిరునేష్ దిబాబా, మారె దిబాబా అక్కాచెల్లెళ్ళా?

జవాబు: ఇథియోపియన్లకు ఇంటిపేరు ఉండదు. సొంత పేరు, దాని వెనక తండ్రి పేరు. కాబట్టి ఆమెను టిగిస్ట్ అనాలి, అసెఫా ఆమె తండ్రి. రన్నర్లు తిరునేష్, గెంజెబే, ఎజెగాయెహు ముగ్గురూ ఒకే దిబాబా కూతుళ్ళు. 2015 ప్రపంచ మారథాన్ విజేత మారె తండ్రి పేరు కూడా దిబాబాయే, కానీ ఆయన వేరే మనిషి.