పాత మాజాంగ్ సెట్‌కి డ్రిల్ పెట్టేముందు

చిట్టితల్లీ,

ఎస్టేట్ సేల్‌లో (ఇంటి సామానంతా అమ్మేసే చోట) పాత మాజాంగ్ పెట్టె, అదే బొమ్మలు చెక్కిన చిన్న బిళ్ళలతో ఆడే చైనా ఆట పెట్టె, దొరికిందనీ, ఆ బిళ్ళలతో, అంటే టైల్స్‌తో, బ్రాస్‌లెట్లు చేసి అమ్ముతాననీ రాశావు. చాలా సంతోషం. కానీ డ్రిల్ ముట్టుకోకముందే పెట్టెలో ఉన్నవన్నీ టేబుల్ మీద పోసి లెక్కపెట్టు.

చుక్కలు, వెదుళ్ళు, అక్షరాలు అని మూడు రకాలు. ఒక్కో రకంలో ఒకటి నుంచి తొమ్మిది దాకా నాలుగేసి చొప్పున మొత్తం 108. నాలుగు దిక్కుల గాలులు 16, డ్రాగన్లు 12, పూలూ రుతువులూ కలిపి 8. ఇలా 144 ఉంటే అది నిండు చైనీస్ సెట్. ఇప్పటి అమెరికన్ సెట్‌లో 8 జోకర్లు కూడా చేరి 152 అవుతాయి. జోకర్లు లేని పాత సెట్లలో అదనంగా ఉన్న టైల్స్ మీద జోకర్ అని స్టిక్కర్ అంటించి వాడుకునేవారు. అలాంటిది కనిపిస్తే పీకెయ్యకు, అది ఆ సెట్ చరిత్ర.

లెక్క సరిపోయిందా, ఆ పెట్టెని అలాగే ఆడేవాళ్ళకి ఇచ్చెయ్యి. నా మాట విను. ఒక్క టైల్ పోయినా ఆట చెడుతుంది. అదే రంగు, అదే చెక్కుడు ఉన్న టైల్ మళ్ళీ దొరకడం చాలా కష్టం. బ్రాస్‌లెట్లకి జతలు పోయిన విడి టైల్స్ అమ్ముతారు, అవి కొనుక్కో. అందులో ఒకటో నంబరు వెదురు కోసం చూడు. దాని మీద వెదురు బదులు పిట్ట ఉంటుంది, ఒక్కో సెట్‌లో ఒక్కోలా. లాకెట్‌కి అంతకన్నా అందమైనది లేదు.

ఎముకా వెదురూ అతికించిన టైల్‌ని నీళ్ళలో వెయ్యకు, అతుకు ఊడొస్తుంది. గట్టిగా పిండిన గుడ్డతో తుడిస్తే చాలు. బేకలైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్) అయితే మాస్క్ లేకుండా డ్రిల్ చెయ్యొద్దు, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. మాస్కింగ్ టేప్ అంటించి, పెన్సిల్‌తో గుర్తు పెట్టి, సన్నటి బిట్‌తో నెమ్మదిగా రెండు వైపుల నుంచీ మధ్యకి రా. ఒకే వైపు నుంచి తోస్తే అవతలి అంచు పెచ్చు లేస్తుంది.

అసలు నాకు నచ్చే దారి ఇంకొకటుంది. పాలిమర్ క్లేతో, అంటే ఓవెన్‌లో కాలిస్తే గట్టిపడే ప్లాస్టిక్ ముద్దతో, నీ టైల్స్ నువ్వే చేసుకో. తెల్ల పలక, ఆకుపచ్చ పలక ఒకదాని మీద ఒకటి అతికించి కొయ్యి. తెల్ల వైపు సూదితో బొమ్మ గీసి, ప్యాకెట్ మీద రాసిన వేడిలో కాల్చు. చల్లారాక ఎరుపు, ఆకుపచ్చ, నీలం యాక్రిలిక్ రంగులు గీతల్లోకి దిగేలా రుద్ది, పైన మిగిలింది వెంటనే తుడిచెయ్యి. హాంకాంగ్‌లో చేత్తో చెక్కేవాళ్ళు కూడా గాడుల్లో రంగు నింపి పైది గీకేస్తారు.

గాలులు పేర్చేటప్పుడు చైనా ఆటలోని వరుస పాటించు: తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం. ఆడేవాళ్ళు కొంటారు కదా, తేడా వస్తే ఇట్టే పట్టేస్తారు.

లెక్కపెట్టాక ఫోటోలు పంపు, వెనక వైపువి కూడా.

ప్రేమతో,
పెద్దమ్మ