స్పార్క్ ప్లగ్ మర పోయినంత మాత్రాన హెడ్ మార్చక్కర్లేదు

పాత ఇంజన్‌లో ప్లగ్ బిగుసుకోకుండా ఊరికే తిరుగుతోందని, హెడ్ (సిలిండర్ పైన మూతలా ఉండి, ప్లగ్ బిగించే భాగం) మార్చేంత డబ్బు లేదని రాశారు. టెన్షన్ పడకండి.

మొదటి చుట్లే నలిగితే థ్రెడ్ చేజర్ చాలు. అది ఉన్న మరనే సరిచేస్తుంది. సైజు మాత్రం మీ ప్లగ్‌కి సరిపోవాలి: 14 మిల్లీమీటర్లు, 1.25 పిచ్ (మర చుట్ల మధ్య దూరం) ఎక్కువగా కనిపిస్తుంది గానీ 10, 12 కూడా ఉంటాయి.

మర పూర్తిగా ఊడిపోతే ఇన్సర్ట్ కిట్ కొనండి. ట్యాప్‌తో రంధ్రంలో కాస్త పెద్ద మర కోసి, అందులో ఇన్సర్ట్, అంటే లోపల కొత్త మర ఉన్న లోహపు ముక్క, బిగిస్తారు. ట్యాప్ రంధ్రంలోకి వంకర లేకుండా సూటిగా దిగాలి, అసలు కష్టమంతా అక్కడే. దాని గాడుల్లో గ్రీజు దట్టంగా పూసి, అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పండి. మాటిమాటికీ బయటికి తీసి తుడవండి. లేకపోతే లోహపు రజను సిలిండర్లో పడి గోడలు గీసుకుపోతాయి. ఇన్సర్ట్ పొడవు ప్లగ్ మర పొడవుని మించకూడదు.

ఎపాక్సీ జోలికి వెళ్లకండి. నేను ఒకసారి ఆ తెలివి చూపించాను, వేడికి ప్లగ్ ఊడొచ్చింది. కొత్త ప్లగ్‌ని ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ముందు చేత్తోనే ఎక్కించండి.