శ్రుతిపెట్టె: ఈసారి అయిదు తీగల బాంజో

పోయిన నెల మాటవరసకు, సాయంత్రాలు సాలిగ్రామంలో మా డాబా మీద కూర్చుని బాంజో (డప్పుకు పిడి తగిలించినట్టుండే తీగల వాద్యం) మీద ఐరిష్ ట్యూన్లు వాయించుకుంటానని రాశాను. సినిమా ఆర్కెస్ట్రాల్లో ముప్ఫయ్యేళ్లు ఫిడేలు వాయించినవాడికి ఇదేం బుద్ధి అని కొందరు నొచ్చుకున్నారు. వాళ్లకు నా దగ్గర జవాబు లేదు. మిగతా ఉత్తరాల్లోంచి కొన్ని చూద్దాం.

ప్రశ్న: మాస్టారూ, మాది నెల్లూరు, ఉద్యోగం పెరుంగుడిలో. చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకున్నాను. ఐరిష్ సంగీతం మీద మోజుతో అయిదు తీగల బాంజో కొన్నాను. తీరా చూస్తే అక్కడ అందరూ నాలుగు తీగలదే వాయిస్తారట. ఫిడేలు ట్యూన్లలోని కింది స్వరాలు కూడా నా బాంజోలో దొరకడం లేదు. డబ్బు దండగ చేసుకున్నానా?

జవాబు: దండగేమీ కాదు బాబూ. మీరు విన్నది సగం నిజం. ఐర్లాండ్‌లో నలుగురూ చేరి వాయించుకునే చోట వినపడేది నాలుగు తీగల టెనర్ బాంజోయే. దాన్ని పాశ్చాత్య స్వరాల పేర్లతో చెబితే జి, డి, ఎ, ఇ అని ఫిడేలుకు సరిగ్గా ఒక స్థాయి కింద శ్రుతి చేస్తారు. 1960ల్లో డబ్లినర్స్ అనే ఐరిష్ పాటల బృందంలో బార్నీ మెకెన్నా వాయించాక ఆ శ్రుతి స్థిరపడిపోయింది. అదే బృందంలో ల్యూక్ కెల్లీ చేతిలో ఉన్నది మాత్రం అయిదు తీగలదే. కాకపోతే ఆయన పాటకు తోడుగా మీటేవాడు, నాట్యం ట్యూన్లకు కాదు. అసలు బాంజో పుట్టుక ఐర్లాండూ కాదు, తెల్లవాళ్ల అమెరికా కూడా కాదు. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకుపోయినవాళ్ల చేతుల్లో రూపు కట్టిన వాద్యం అది. 1840ల్లో ముఖాలకు మసి పూసుకుని ఆడే అమెరికా బృందాలతో సముద్రం దాటి బ్రిటన్, ఐర్లాండ్‌లకు చేరింది. కాబట్టి ఏ బాంజోకు ఏ ట్యూను హక్కు అన్న పేచీలో మీరు దిగకండి.

ఇక మీ అసలు బాధ. ముందు నా తెలివితక్కువతనం ఒకటి చెబుతాను. మా మేనల్లుడు అమెరికా నుంచి బాంజో తెచ్చి ఇచ్చినప్పుడు, పైనున్న పొట్టి తీగను చూసి ఇది గిటార్‌లో లాగే మంద్రం తీగ కాబోలనుకుని కిందికి దించాను. అది వదులై చెప్పు వారులా టపటపా కొట్టుకుంది. అయిదో మెట్టు దగ్గర మొదలయ్యే ఆ తీగే అన్నిటికన్నా పైశ్రుతిలో పలకాలని తెలియడానికి నాలుగు రోజులు పట్టింది. చివరికి చెప్పింది మా ఆవిడ. ఆమె వీణ నేర్చుకుంది. ‘మీకది తాళం తంతిలా కనపడటం లేదూ?’ అంది. నిజమే. వీణలో చిటికెన వేలు మీటే పక్క తీగల పని, ఇక్కడ బొటనవేలు మీటే అయిదో తీగ చేస్తుంది.

మామూలు శ్రుతిలో అయిదో తీగ నుంచి మొదలుపెడితే పై జి, తర్వాత డి, జి, బి, డి. అంటే నాలుగో తీగ డి దగ్గర నేల అయిపోయింది. ఫిడేలుకు ఒక స్థాయి కింద వాయిస్తున్నారు కాబట్టి, ఫిడేలు డి, ఎ, ఇ తీగల మీద వాయించేదంతా మీకుంది. ఇ తీగ మీద నాలుగో వేలు పడే బి కావాలంటే మీ మొదటి తీగ తొమ్మిదో మెట్టు మీద ఉంది. ఫిడేలు జి తీగ మీద వాయించేది మాత్రం మీకు లేదు. అంతే లెక్క. అందుకని మొదట్లో టిన్ విజిల్‌కు (రేకు పిల్లనగ్రోవికి) కుదిరే ట్యూన్లు ఏరుకోండి. మామూలు విజిల్ కూడా డి కిందికి దిగలేదు కాబట్టి, దానికి సరిపడిన ట్యూను మీ బాంజోకు ఒక్క స్వరం పోకుండా సరిపోతుంది.

ఫిడేలు ట్యూనే కావాలని మనసైతే, కిందికి దిగిన స్వరాన్ని ఒక్కదాన్నే పట్టి పై స్థాయికి ఎత్తకండి. నడుస్తున్న మనిషి ఉన్నట్టుండి స్టూలెక్కినట్టు ఉంటుంది. ఎత్తితే ఆ ముక్క మొత్తం ఎత్తండి. లేదా ఆ స్వరాన్ని వదిలేసి, నాలుగో తీగ డిని ఉత్తినే మోగించండి. రీల్ అనే నాట్యం ట్యూనులో బార్‌కు, అంటే ఒక్కో ఆవర్తానికి, ఎనిమిది స్వరాలుంటాయి. ఒకటోదీ అయిదోదీ చోటు మారకుండా నిలబడితే మధ్యలో ఒకటి పోయినా పాట పోదు. రికార్డింగు థియేటర్లో మాకు కాగితం నిండా నల్లచుక్కలు నింపే అరేంజర్ల కన్నా, ఎక్కడ ఖాళీ వదలాలో తెలిసిన అరేంజరంటే ఎక్కువ గౌరవం ఉండేది. ఆయన కాగితం చూడగానే పల్చగా కనపడేది, వాయిస్తే మాత్రం హాలు నిండేది.

ఇంకొకటి, అయిదో తీగ. ట్యూను డి శ్రుతిలో ఉందనుకోండి. డి షడ్జమమైతే జి మధ్యమం. మీరు షడ్జమం మీద నిలబడుతుంటే పక్కన ఎవరో మధ్యమం పట్టుకుని వదలకపోతే ఎలా ఉంటుంది? అందుకే అయిదో తీగను ఎ స్వరానికి పెంచుకోండి, పంచమం అవుతుంది. బిరడాతో అంతవరకు పెంచవచ్చు. రోజూ పెంచీ దించీ తీగ తెగుతుందని భయమైతే, అమెరికాలో బాంజో వాళ్లు చేసే చిట్కా ఒకటుంది: బొమ్మ రైలు పట్టాలకు కొట్టే బుల్లి మేకును ఏడో మెట్టు పక్కన దిగ్గొట్టి, తీగను దాని కిందికి లాగుతారు. నేను కొట్టించాను. కొట్టినవాడు మా వీధిలో వీణలు బాగుచేసే ఆయన. ఇంత చిన్న మేకుకు కూలి అడగడానికి సిగ్గేసి కాఫీ తాగి వెళ్లాడు.

ఇంత తంటా దేనికి, టెనరే కొనుక్కోవచ్చుగా అంటారేమో. టెనర్ వాళ్లకు లేనిది మీకు ఒకటుంది. పై జి నుంచి దిగుతూ ఈ వరస వాయించి చూడండి: అయిదో తీగ ఖాళీగా, మొదటి తీగ నాలుగో మెట్టు, రెండో తీగ అయిదో మెట్టు, మొదటి తీగ ఖాళీగా, మూడో తీగ అయిదో మెట్టు, రెండో తీగ ఖాళీగా, నాలుగో తీగ ఏడో మెట్టు, మూడో తీగ ఖాళీగా. జి షడ్జమంగా నిండు శంకరాభరణం. ఏ రెండు వరుస స్వరాలూ ఒకే తీగ మీద లేవు. అందువల్ల ఒక స్వరం ఇంకా మోగుతుండగానే రెండోది వచ్చి దాని భుజమ్మీద చెయ్యేస్తుంది. 1960ల్లో బిల్ కీత్, బాబీ థాంప్సన్ వంటి బాంజో వాద్యకారులు అమెరికా ఫిడేలు ట్యూన్ల కోసం సాధించిన పద్ధతి ఇది. ఐరిష్ హార్పు ట్యూన్లకు ఇంతకన్నా దగ్గరగా వచ్చే బాంజో పద్ధతి నాకు కనపడలేదు. టర్లో ఒ కారొలన్ అని 1670లో పుట్టి 1738 దాకా బతికిన అంధ హార్పు విద్వాంసుడున్నాడు. పద్దెనిమిదో ఏట మశూచికంతో చూపు పోయింది. గుర్రమెక్కి ఊరూరా తిరిగి, ఆదరించిన ఇంటి యజమాని పేరు మీద ట్యూను కట్టేవాడు. ఆయనవి మనకు చాలావరకు ఒంటి వరసగానే మిగిలాయి, ఎడమచేయి ఏం వాయించేదో తెలియదు. అరేంజ్ చేసేవాడికి అంతకన్నా వరం ఏముంది?

మొదటి ట్యూనుగా మాత్రం మీకు తెలిసినదే ఇస్తాను. మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు కోటలోని ఈస్టిండియా కంపెనీ బ్యాండు వరసలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కూర్చారు. దాదాపు నలభై నోట్టుస్వరాలు అలా వచ్చాయి. అందులో ‘వందే మీనాక్షి’ ఐరిష్ ట్యూను ‘రేక్స్ ఆఫ్ మాలో’యే. ఎత్తుగడ షడ్జమానికీ గాంధారానికీ మధ్య ఉయ్యాల. జి శ్రుతిలో ఆ రెండూ మూడో తీగ, రెండో తీగ, రెండూ ఖాళీ తీగలే. ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని మొదలుపెట్టవచ్చు. రెండో ముక్కలో ఆ ఉయ్యాల నిషాదానికీ రిషభానికీ మారుతుంది, అప్పుడు చెయ్యి బయటికి తీయండి.

ప్రశ్న: నేను మృదంగం విద్యార్థిని, పెరంబూరు. క్లాహామర్ పద్ధతిలో (గోటితో కిందికి కొట్టి, బొటనవేలితో అయిదో తీగ మీటుతూ) రీల్ వస్తోంది, జిగ్ మాత్రం కుదరదు. చెయ్యి తడబడుతోంది.

జవాబు: మృదంగం వాయించే అమ్మాయివి, నీకు ఒక్క ముక్కలో చెబితే చాలు. క్లాహామర్ మూలదెబ్బ ‘తా కిట’. చతురశ్రంలో, అంటే నాలుగు లెక్కలో పుట్టింది. జిగ్ అనే నాట్యం ట్యూనుది ఆరు-ఎనిమిది, అంటే ‘తకిట తకిట’, మూడేసి లెక్క. చతురశ్రం చేతికి తిస్రం తొడిగితే చిరుగుతుంది. అందుకని దెబ్బే మార్చు: గోరు కిందికి, మళ్లీ గోరు కిందికి, తర్వాత బొటనవేలు. మూడోది బలహీనమైన చోటు కాబట్టి అక్కడ అయిదో తీగ మోగినా ట్యూనుకు అడ్డం రాదు. స్లిప్ జిగ్ అయితే మూడు తకిటలు. వేళ్లకు కొక్కేలు తొడుక్కుని మూడు వేళ్లతో వాయించేవాళ్లకు ఈ బాధే లేదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు వరసగా పడితే అదే తకిట.

ఒక్క జాగ్రత్త. మూడూ గడియారంలా సమానంగా పడితే అది లెక్క అవుతుంది గానీ జిగ్ కాదు. మొదటిది వెంట్రుకవాసి సాగాలి. ఎంత అని అడక్కు, మంచి ఫిడేలు వాళ్లను విను.

ప్రశ్న: పెళ్లి ఊరేగింపుల్లో మీటలు నొక్కుతూ వాయించే బెంజో, ఇదీ ఒకటేనా?

జవాబు: కాదు. అది బుల్‌బుల్ తరంగ్. పేరొక్కటే చుట్టరికం.

ప్రశ్న: బీసెంట్ నగర్‌లో సముద్రానికి రెండు వీధుల అవతల ఉంటాం. తీగలు నెలకే తుప్పు పడుతున్నాయి. హెడ్‌కు, అంటే బాంజో డప్పు మూతకు, తోలు వేయిస్తే నాదం బాగుంటుందని ఒకాయన అన్నారు. వేయించమంటారా?

జవాబు: వద్దు. ఐప్పసి నెల (అక్టోబరు-నవంబరు) వానల్లో మీ పక్కింటి మృదంగం ఏమవుతుందో అదే మీ బాంజోకూ అవుతుంది. 1950ల చివర్లో వచ్చిన ప్లాస్టిక్ హెడ్‌ను అందరూ ఊరికే అందిపుచ్చుకోలేదు. తీగలను మాత్రం వాయించిన ప్రతిసారీ పాత పంచె ముక్కతో తుడవండి, అడుగు భాగం కూడా.

ప్రశ్న: అయ్యా, నేను అంబత్తూరులో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని. రెండేళ్లుగా పన్నెండు కెల్టిక్ (ఐర్లాండ్, స్కాట్లాండ్ వైపు) ట్యూన్లు అయిదు తీగలకు అమర్చుకున్నాను. తోటివాళ్లకు పంచాలని ఉంది. ట్యాబ్‌లో (తీగల గీతల మీద మెట్ల అంకెలు వేసి) రాయాలా, సరిగమల్లోనా? ఎవరైనా కేసు పెడతారా?

జవాబు: పంచండి, దాచుకుంటే చెదలు తింటాయి. ట్యూన్లు ఇంతకాలం బతికింది పంచుకోబట్టే. ఐర్లాండ్‌లో కార్క్ జిల్లాలో పుట్టి చికాగో పోలీసు అధిపతి అయిన ఫ్రాన్సిస్ ఓనీల్, వలస వచ్చినవాళ్ల నోటి నుంచీ చేతి నుంచీ ఏరి, 1903లో 1,850 ట్యూన్ల పుస్తకం వేశాడు. పోలీసాయన పట్టుకున్నవాటిలో ఇవే ఎక్కువ కాలం నిలిచాయి.

పాత సంప్రదాయ ట్యూన్ల మీద ఎవరికీ హక్కు లేదు. చిక్కల్లా పాతవనిపించే కొత్తవాటితో. ‘అశోకన్ ఫేర్‌వెల్’ విని నూరేళ్ల నాటిదనుకునేవాళ్లు ఎంతమందో. అది 1982లో జే అంగర్ కట్టినది. మన అశోకుడికీ దానికీ సంబంధం లేదు, న్యూయార్క్ రాష్ట్రంలో ఒక ఊరి పేరు. మన చట్టంలో రచయిత పోయాక మరో అరవయ్యేళ్లు హక్కు ఉంటుంది. కాబట్టి మీ పన్నెండింటిలో ప్రతిదానికీ కర్త ఉన్నాడేమో ముందు వెతకండి. ఎవరి రికార్డు విని స్వరం స్వరం దించుకున్నారో, ఆ అమరిక మీది కాదు, ఆయనది. అడిగి పంచండి.

రాత సంగతి. ట్యాబ్ వేలికి దారి చూపుతుంది, పాటకు కాదు. అయిదు గీతల మీద మెట్ల అంకెలు చూసి వాయించేవాడికి ట్యూను ఎటు పోతోందో తెలియదు. అందుకని పైన వరస కూడా రాయండి. మనవాళ్లకు మాత్రమే అయితే సరిగమలు హాయి. బయటివాళ్లకైతే 1990ల్లో క్రిస్ వాల్‌షా రూపొందించిన ఎబిసి పద్ధతి నేర్చుకోండి. సరిగమల్లాగే అక్షరాలే, చుక్కలకు బదులు పెద్దబడి చిన్నబడి అక్షరాలతో స్థాయి తెలుస్తుంది. ఒక సాయంత్రం పని.

నా అనుభవం ఒకటి. మైలాపూరులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరు మీదున్న పార్కులో, ఉదయం నడకకు వచ్చే ఒక బాంజో మిత్రుడికి డి శ్రుతిలో అమర్చిన రీల్ ఇచ్చాను. అయిదో తీగను ఎకు పెంచాలని రాయడం మరిచాను. ఆయన వారం రోజులు మధ్యమం మోగిస్తూ సాధన చేసి, ‘మాస్టారూ, ఐరిష్ వాళ్ల చెవులు వేరేలా ఉంటాయా?’ అని అడిగారు. ఆ రోజు నడక మానేసి ఇంటికొచ్చి కాగితం దిద్దాను.

అందుకే ప్రతి కాగితం నెత్తిన నాలుగు సంగతులు ఉండాలి: శ్రుతి, కేపో (తీగలన్నిటినీ ఒక మెట్టు దగ్గర నొక్కిపెట్టే బిగింపు) ఏ మెట్టు మీద, ఎవరి దగ్గర విన్నారు, మీరు ఏం మార్చారు. నాలుగోది రాయడానికి అందరికీ మొహమాటం. ‘రెండో భాగంలో కింది బి దొరక్క డి వేశాను’ అని రాస్తే చిన్నతనమేమీ కాదు. రేపు ఇంకొకడు టెనర్ మీద వాయించబోయినప్పుడు ఆ బిని వెనక్కి పెట్టుకుంటాడు.

ఆ పన్నెండూ నాకూ పంపండి. అయిదో తీగ శ్రుతి పైన రాసి లేకపోతే మాత్రం తిప్పి పంపిస్తాను.