చేపలు చచ్చాయో లేదో చూసే చదువేనా? టాక్సికాలజీ పీజీపై మీ ప్రశ్నలు

ప్రశ్న: డిగ్రీలో జువాలజీ, కెమిస్ట్రీ చదివాను మేడమ్. ఎన్విరాన్‌మెంటల్ టాక్సికాలజీలో (నీళ్లలోకి, మట్టిలోకి చేరే రసాయనాలు ప్రాణులకు చేసే హానిని చదివే సబ్జెక్ట్) పీజీ సీటు వచ్చింది. ఇంట్లో వాళ్లకు ఆ పేరే కొత్త. "చేపలకు మందు పెట్టి చచ్చాయో లేదో చూసే చదువుకు ఉద్యోగం ఎవరిస్తారు?" అంటున్నారు. నాకు ఇష్టమే కానీ టెన్షన్‌గా ఉంది. చేరనా, వద్దా?

జవాబు: ఇష్టం ఉందన్నారు కాబట్టి చేరండి. మీ ఇంట్లో వాళ్లు అన్నదాంట్లో సగం నిజమే, దాచడం ఎందుకు. ఒక రసాయనాన్ని రకరకాల మోతాదుల్లో నీళ్లలో కలిపి, చేపల్ని 96 గంటలు అందులో ఉంచి, ఏ మోతాదులో సగం చనిపోతాయో లెక్కగట్టడం ఈ చదువులో తొలి పాఠాల్లో ఒకటి. దాన్నే ఎల్‌సీ50 అంటాం. అయితే ఉద్యోగాల్లో ఎక్కువ భాగం ఆ అంకె వచ్చాక మొదలయ్యే పనిలో ఉన్నాయి, ఆ సంగతి బయటివాళ్లకు తెలియదు. పురుగుమందైనా, మందుబిళ్లయినా, ప్లాస్టిక్‌లో కలిపే రసాయనమైనా నీళ్లలోకో మట్టిలోకో చేరితే ఏమవుతుందో చాలా దేశాల్లో కంపెనీలు లెక్క చూపించాల్సిందే. యూరప్‌లో 2007లో రీచ్ చట్టం అమల్లోకి వచ్చాక, ఏడాదికి ఒక టన్ను, ఆపైన తయారుచేసే లేదా దిగుమతి చేసుకునే రసాయనాల సమాచారం సమర్పించే బాధ్యత కంపెనీల మీదే పడింది, డేటా లేకపోతే అమ్మడానికే వీల్లేదు.

ఆ డేటా పుట్టించడానికి టెస్టింగ్ ల్యాబులు కావాలి, దాన్ని ఫైలుగా తయారుచేసి ప్రభుత్వ సంస్థకు పంపడానికి రెగ్యులేటరీ విభాగాలు కావాలి, అవతల కూర్చుని ఆ ఫైలు చదివి "ఇది చాలదు, మళ్లీ చేయండి" అని చెప్పే ప్రభుత్వ శాస్త్రవేత్తలు కావాలి. వీళ్లు కాక పాడైన భూముల్ని పరీక్షించే కన్సల్టెన్సీలు, తాగునీటి సంస్థలు, పరిశోధన, టీచింగ్ ఉన్నాయి. చాలామంది విద్యార్థులు చివరి రెండింటినే చూసి అక్కడితో ఆగిపోతారు. నా క్లాస్‌మేట్స్‌లో ఎక్కువమంది చివరికి స్థిరపడింది రెగ్యులేటరీ పనిలోనే, చదివే రోజుల్లో మాత్రం మాలో ఎవరం ఆ పేరు కూడా వినలేదు.

ప్రశ్న: రెండు యూనివర్సిటీల నుంచి ఆఫర్ ఉంది. రెండూ తమ విభాగం వార్తాపత్రిక పంపాయి. రెండింట్లోనూ అవార్డులు, పోస్టర్ బహుమతులు, గ్రూప్ ఫొటోలే. దేన్ని బట్టి ఎంచుకోవాలి?

జవాబు: ఆ వార్తాపత్రికల్ని పారేయకండి, వెనక పేజీల నుంచి చదవండి. పాత విద్యార్థుల వార్తలు సాధారణంగా అక్కడే వేస్తారు. ఎవరు ఎక్కడ చేరారు, ఏ హోదాలో చేరారు, చదువు ముగిశాక ఎన్నాళ్లకు చేరారు అన్నది కాగితం మీద రాసుకోండి. గత నాలుగైదు సంచికలు అడిగి తీసుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే ఒక్క సంచికలో ఎవరైనా మెరుస్తారు. అందరూ పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) దగ్గరే కనిపిస్తున్నారంటే ఆ విభాగానికి పరిశ్రమతో, ప్రభుత్వ సంస్థలతో పెద్దగా సంబంధాలు లేవనుకోవచ్చు. ప్రొఫెసర్ కావాలనుకునేవాళ్లకు అది లోపం కాదు, మిగతావాళ్లకు లోపమే. పబ్లికేషన్ల జాబితాలో మొదటి పేరు విద్యార్థిదా, గైడ్‌దా అన్నది కూడా చూడండి.

ఆ తర్వాత అక్కడ ఇప్పుడు చదువుతున్నవాళ్లతో మాట్లాడండి, గైడ్ పక్కన లేనప్పుడు. అడగాల్సిన మొదటి ప్రశ్న: మెషీన్ మీద మీ చెయ్యి పడుతుందా? నేను చదివిన చోట మాస్ స్పెక్ట్రోమీటర్, అంటే శాంపిల్‌లో ఏ రసాయనాలు ఉన్నాయో గుర్తించే మెషీన్, అద్దాల గదిలో ఉండేది. శాంపిల్ బయట ఇచ్చేసి, రిజల్ట్ వచ్చేదాకా ఎదురుచూసేవాళ్లం. మొదటి ఇంటర్వ్యూలో "మెషీన్‌ని మీరే కాలిబ్రేట్ చేశారా?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు, ఆ ఉద్యోగం రాలేదు. మీకు అలా జరగకూడదని ఇంత గట్టిగా చెబుతున్నాను.

మెషీన్ల మీద నాకెందుకింత పట్టింపో ఒక ఉదాహరణతో చెబుతాను. అమెరికాలో సియాటెల్ చుట్టుపక్కల వాగుల్లో వాన పడిన ప్రతిసారీ కోహో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టకముందే చనిపోయేవి. ఏళ్ల తరబడి కారణం తెలియలేదు. రోడ్ల మీద నుంచి కొట్టుకొచ్చే నీళ్లలో టైర్ల అరుగుదల కలుస్తోందని అనుమానించారు, కానీ టైరులోంచి దిగేది ఒక్క రసాయనం కాదు. ఆ మిశ్రమాన్ని భాగాలుగా విడగొట్టి, ఏ భాగం చేపను చంపుతోందో చూసి, దాన్ని మళ్లీ విడగొట్టి, అలా చేసుకుంటూ పోయి 2020లో ఒక పదార్థం దగ్గర ఆగారు. టైరు రబ్బరు త్వరగా పగలకుండా కలిపే 6పీపీడీ, గాలిలోని ఓజోన్‌తో చర్య జరిపి 6పీపీడీ-క్వినోన్‌గా మారుతోంది. టైరు కంపెనీ కలిపేది 6పీపీడీ, చేపను చంపుతున్నది దాని నుంచి పుట్టిన ఈ క్వినోన్. కలిపిన రసాయనాల జాబితా ముందు పెట్టుకుని వెతికితే ఇది దొరికేది కాదు! చేపల టెస్ట్ చేసేవాళ్లు, మాస్ స్పెక్ట్రోమీటర్ రీడింగ్ చదవగలిగేవాళ్లు ఒకే టీమ్‌లో ఉన్నారు కాబట్టే దొరికింది. ఈ రెండు పనులూ కొంతైనా మీ చేత చేయించే విభాగం దొరికితే ఫీజు, ఊరు, పేరు అన్నీ ఆ తర్వాతే చూడండి.

ప్రశ్న: జంతువుల మీద పరీక్షలు తగ్గించేస్తున్నారు, అమెరికాలో ఈపీఏ (పర్యావరణ పరిరక్షణ సంస్థ) పరిశోధన విభాగాన్నే మూసేస్తున్నారు అని చదివాను. మేం చదువు ముగించి బయటికొచ్చేసరికి ఈ రంగం ఉంటుందా?

జవాబు: మీరు చదివినవి నిజమే. 2025 జులైలో ఈపీఏ తన పరిశోధన, అభివృద్ధి విభాగాన్ని ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది, అక్కడ ప్రభుత్వ ఉద్యోగమే లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లకు అది పెద్ద దెబ్బ. దాన్ని తక్కువ చేసి చెప్పలేను. అందుకే ఒకే దేశాన్నో, ఒకే సంస్థనో మనసులో పెట్టుకుని చదవొద్దంటాను. దానికి నెల ముందు, 2025 జూన్‌లో, రసాయనాలు, వ్యర్థాలు, కాలుష్యం మీద ప్రభుత్వాలకు శాస్త్రీయ సలహా ఇచ్చే అంతర్జాతీయ ప్యానెల్ ఉరుగ్వేలో ఏర్పాటైంది. ఒకచోట తగ్గితే ఇంకోచోట పెరుగుతోంది.

జంతు పరీక్షల సంగతి వేరు. తగ్గుతున్నది జంతువుల వాడకం, పరీక్షలు కాదు. చేపపిల్లల బదులు జీబ్రాఫిష్ పిండాలతో చేసే పద్ధతికి ఓఈసీడీ (రసాయన పరీక్షలకు ప్రామాణిక పద్ధతులు రూపొందించే దేశాల కూటమి) 2013లో మార్గదర్శకం ఇచ్చింది, చేప మొప్పల కణాలతో చేసే పద్ధతికి 2021లో ఇచ్చింది. మందుల తయారీలో జంతు పరీక్ష తప్పనిసరన్న నిబంధనను అమెరికా 2022 చివర్లో చట్టం చేసి తీసేసింది. కణాలు పెంచడం, కంప్యూటర్ మోడళ్లతో విషప్రభావం అంచనా వేయడం వచ్చినవాళ్లకు ఇది మంచి కాలం. ఆర్ కానీ పైథాన్ కానీ, ఏదో ఒక ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ మొదటి సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి, మీ సిలబస్‌లో లేకపోయినా సరే.

ఇంకోవైపు కొలవాల్సిన పరిమాణాలు చిన్నవైపోతున్నాయి. నీళ్లు, మరకలు అంటకుండా బట్టల కోటింగుల్లాంటి వాటిలో వాడే పీఎఫ్ఏఎస్ రకానికి చెందిన పీఎఫ్ఓఏ, పీఎఫ్ఓఎస్ రసాయనాలకు తాగునీటిలో అమెరికా 2024లో పెట్టిన పరిమితి లీటరుకు 4 నానోగ్రాములు. శాంపిల్ తీసేవాళ్ల చొక్కా మీద ఉన్న కోటింగ్ అంటుకున్నా ఆ రిజల్ట్ నమ్మలేం. అంత జాగ్రత్తగా పనిచేసే మనుషులు ఏ ల్యాబుకైనా అవసరమే.

ప్రశ్న: పీహెచ్‌డీ చేయకపోతే ఎదగలేమా?

జవాబు: సొంతంగా పరిశోధన నడపాలంటే, యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా ఎదగాలంటే కావాలి. టెస్టింగ్ ల్యాబుకో రెగ్యులేటరీ పనికో పీజీ చాలు, కాకపోతే జీఎల్‌పీ (గుడ్ లేబొరేటరీ ప్రాక్టీస్) అంటే ఏంటో తెలిసి ఉండాలి. జరిగిన ప్రతిదీ జరిగినప్పుడే రాసి, తేదీ వేసి, సంతకం పెట్టే పద్ధతి అది. నేను మొదట చేసిన డాఫ్నియా (నీటిలో ఉండే చిన్న ప్రాణి) టెస్ట్‌లో, రసాయనం కలపని కంట్రోల్ గ్లాసులోనే 10 శాతం కంటే ఎక్కువ ప్రాణులు కదలడం మానేశాయి, అంటే టెస్ట్ చెల్లదు. రెండు వారాల పని పోయింది, ఏడుపొచ్చింది. కానీ జరిగినదంతా నోట్‌బుక్‌లో రాసి ఉండబట్టి తప్పు నీళ్లలో ఉందని పట్టుకోగలిగాం. తర్వాత ఇంటర్వ్యూల్లో నా డిగ్రీ కంటే ఈ అనుభవం గురించే ఎక్కువ అడిగారు.

ప్రశ్న: ఈ సబ్జెక్ట్ చాలా ఇష్టం మేడమ్, కానీ నా చేత్తో చేపల్ని చంపలేను. సిగ్గుగా ఉంది, ఎవరికీ చెప్పలేదు.

జవాబు: ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదమ్మా. చాలా ఏళ్లు ఈ పని చేశాక కూడా నాకు ఆ 96వ గంట బరువుగానే ఉండేది. రసాయన విశ్లేషణ, కణాల మీద పని, మోడలింగ్, రిస్క్ అసెస్‌మెంట్, వీటిలో దేనికీ మీరు ఒక్క చేపను కూడా ముట్టుకోనక్కర్లేదు. అయితే కొన్ని చోట్ల మొదటి ఏడాది ప్రాక్టికల్స్‌లో తప్పనిసరిగా ఉంటుంది, కాబట్టి చేరకముందే సిలబస్ తెప్పించుకుని చూడండి. గైడ్‌ని కలిసిన మొదటి రోజే ఈ మాట చెప్పేయండి, థీసిస్ టాపిక్ ఖాయమయ్యాక చెబితే మార్చడం ఇద్దరికీ కష్టం.