యుద్ధంలో నేవీ తీసుకున్న చేపల ట్రాలర్లలో పనిచేసినవాళ్ళ రికార్డులు ఎక్కడ దొరుకుతాయి?

మీ వారి ముత్తాత ఇంగ్లండ్ తూర్పు తీరంలోని గ్రిమ్స్‌బీ రేవు ట్రాలర్‌లో డెక్ హ్యాండ్ (డెక్ మీద పనిచేసేవాడు) అని, 1915లో ఆ ట్రాలర్‌ని బ్రిటిష్ నేవీ తీసేసుకుందని, పడవ పేరు తప్ప ఇంకేమీ తెలియదని రాశారు. సిబ్బంది జాబితా ఎక్కడుంటుందని అడిగారు. మా కోడలి పుట్టిల్లూ గ్రిమ్స్‌బీయే. రెండేళ్ళ కిందట వాళ్ళ ముత్తాత కోసం నేనూ ఇదే పని మీద కూర్చున్నాను.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. మీరనుకుంటున్న జాబితా దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. చేపలు పట్టే రోజుల్లో ట్రాలర్ సిబ్బంది జాబితా సర్కారుకి ఇవ్వాల్సి ఉండేది. అదే ట్రాలర్ నేవీ చేతికి వెళ్ళి, ఇంకో ట్రాలర్‌తో కలిసి ఉక్కు తాడు లాగుతూ సముద్రంలో పెట్టిన పేలుడు మైన్లు ఏరడం మొదలెట్టాక ఆ లెక్క ఆగిపోయింది. అక్కణ్ణుంచి మనిషి పేరు మీద కార్డు ఉంటుంది, పడవ పేరు మీద కాదు. ఇది తెలియక నేను వారాల తరబడి పడవ పేరే కొట్టి చూశాను. తీరా అదే పేరుతో హల్ అనే ఇంకో రేవులో మరో ట్రాలర్ తేలింది! పడవ ఏదో ఖాయం చేసుకోవాలంటే పేరు ఒక్కటే చాలదు, రేవు అక్షరాలు, నంబరు కూడా కావాలి. గ్రిమ్స్‌బీవైతే జీవై, హల్‌వైతే హెచ్.

మాకు దారి చూపింది యుద్ధంలో పనిచేసినందుకు ఆయనకిచ్చిన మెడల్. కోడలి మేనత్త ఇంట్లో బిస్కెట్ల డబ్బాలో రెండు మెడల్స్ ఉన్నాయి. అందరూ రాజుగారి బొమ్మ చూసి మళ్ళీ డబ్బాలో పెట్టేసేవారట. చూడాల్సింది అంచు. ఫోన్ టార్చి ఏటవాలుగా పట్టి తిప్పితే, రూపాయి బిళ్ళ అంచు లాంటి ఆ సన్నటి చోట నంబరు, డి.ఏ., ఆయన పేరు, చివర ఆర్.ఎన్.ఆర్. అని చెక్కి ఉంది. ఆర్.ఎన్.ఆర్. అంటే రాయల్ నేవల్ రిజర్వ్. అందులో జాలర్ల కోసమే ట్రాలర్ విభాగం ఉండేది. డి.ఏ. డెక్ హ్యాండ్‌లకి, ఎస్.ఏ. సెకండ్ హ్యాండ్‌లకి (స్కిప్పర్ తర్వాతి వాళ్ళకి), ఇ.ఎస్. ఇంజిన్ చూసేవాళ్ళకి, టి.ఎస్. బొగ్గు అందించే ట్రిమ్మర్లకి. స్కిప్పర్లది, అంటే మన విశాఖ హార్బర్‌లో సరంగు అంటామే వాళ్ళది, డబ్ల్యూ.ఎస్.ఏ.

నంబరు చేతికొస్తే సగం పని అయినట్టే. లండన్‌లో క్యూ (Kew) అనే పేటలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో, అంటే ప్రభుత్వ పాత రికార్డులు దాచే చోట, బీటీ 377/7 అనే సిరీస్‌లో ఆ రిజర్వ్ నావికుల కార్డులున్నాయి. వాళ్ళ వెబ్‌సైట్‌లోనే పేరు, నంబరు, పుట్టిన ఊరు పెట్టి వెతకొచ్చు. నంబరు లేకపోతే పుట్టిన ఊరు తప్పనిసరి. మన వైపు అప్పారావులున్నట్టు అక్కడ జాన్ స్మిత్‌లు ఉంటారు.

కార్డు తెరిచి మేమంతా తెల్లబోయాం. నౌక పేరున్న చోట 'పెకిన్' అని ఉంది. పెకిన్ అంటే బీజింగ్ పాత పేరనుకుని, ముత్తాత చైనా దాకా వెళ్ళొచ్చాడని మా అబ్బాయి బంధువులందరికీ మెసేజ్‌లు కూడా పెట్టేశాడు. తర్వాత తెలిసింది, పెకిన్ అనేది గ్రిమ్స్‌బీలోనే ఉన్న నేవీ స్థావరం పేరు! ట్రాలర్ల మనుషుల్ని జీతాల కోసం ఇలా స్థావరం పుస్తకాల్లో రాసుకునేవారు. కొన్ని కార్డుల్లో ఆ పేరు పక్కనే బ్రాకెట్లలో అసలు ట్రాలర్ పేరు ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. మాకు అదృష్టం కొద్దీ ఒక ట్రాలర్ పేరు దొరికింది. ఇంట్లో చెప్పుకునే పేరు మాత్రం అది కాదు. కాబట్టి మీ దగ్గరున్న పడవ పేరునీ గట్టిగా నమ్మకండి.

ఆయన యుద్ధంలోనే చనిపోయి ఉంటే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో ముందు చూడండి. అక్కడ పేరు పక్కన ట్రాలర్ పేరు కూడా ఇస్తారు. యుద్ధానికి ముందు ఏ పడవల్లో పనిచేశాడో కావాలంటే గ్రిమ్స్‌బీలోని స్థానిక ఆర్కైవ్స్‌లో 1914 వరకు చేపల పడవల సిబ్బంది జాబితాలున్నాయి. 1915 సిబ్బంది జాబితాలు ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఉన్నాయి కానీ నేవీ కింద పనిచేసినవాళ్ళు వాటిలో దొరకడం కష్టం.

రెండో ప్రపంచ యుద్ధం అయితే కథ వేరు. అప్పుడు వీళ్ళంతా లోస్టాఫ్ట్ కేంద్రంగా ఉన్న రాయల్ నేవల్ పట్రోల్ సర్వీస్ (నేవీ గస్తీ దళం) కిందకి వచ్చారు. నంబరు ముందు ఎల్.టి. ఉంటే అదే గుర్తు. ఆ యుద్ధపు మెడల్స్ మీద పేర్లు చెక్కలేదు, వాటి అంచులు చూసి లాభం లేదు.

మీ అత్తగారి వైపు పాత డబ్బాలు ఒకసారి తీయించండి. మెడల్ దొరికితే మాత్రం పాలిష్ పెట్టి రుద్దకండి, ఆ అక్షరాలు అరిగిపోతాయి.