ఖాళీ పోర్టు సంగతి తర్వాత, ముందు లాక్ ఫైలు చూడండి

వీఎన్‌సీ సర్వర్ (దూరం నుంచి ఆ కంప్యూటర్ స్క్రీన్ వాడుకోనిచ్చే ప్రోగ్రాం) మొదలుపెడితే 1వ డిస్‌ప్లే, అంటే అది తెరిచే 1వ స్క్రీన్, వాడుకలో ఉందంటోంది, ఖాళీ పోర్టు (కనెక్ట్ అవడానికి ఇచ్చే నంబరు) కనిపెట్టేదెలా అని అడిగారు. పోర్టు కోసం వెతకడమే దండగ. డిస్‌ప్లే నంబరుకి 5900 కలిపితే అదే పోర్టు: 1కి 5901, 2కి 5902. అసలు ఆ నంబరు ఎందుకు దొరకలేదో చూడాలి.

పర్లాకిమిడిలో మా బావకి కంప్యూటర్ సెంటర్ ఉంది. ఒకటే లినక్స్ సర్వర్, దానిమీద ఎనిమిది మంది పిల్లలు. పాతపట్నం నుంచి వచ్చే కుర్రాడి సెషన్ ఓ సాయంత్రం బిగుసుకుపోతే నేనే కిల్ మైనస్ 9 (ప్రోగ్రాంని బలవంతంగా ఆపే కమాండు) కొట్టి ఇంటికెళ్లిపోయాను. పొద్దున్నే వచ్చి "సార్, స్క్రీన్ రావట్లేదు, మధ్యాహ్నం పరీక్ష" అన్నాడు. ముఖం పాలిపోయి ఉంది. ఏ పోర్టులు వాడుకలో ఉన్నాయో చూపే ఎస్ఎస్ కమాండుతో చూస్తే 5901 ఖాళీగానే ఉంది. అయినా సర్వర్ 1 వదిలేసి 2కి పోతోంది, వాడేమో 5901కే కనెక్ట్ అవుతున్నాడు. గంటసేపు టెన్షన్ పడ్డాను. తీరా టెర్మినల్ పైకి జరిపితే కారణం అక్కడే రాసి ఉంది: టీఎంపీ ఫోల్డర్‌లో డాట్ ఎక్స్1 లాక్ ఫైలు (/tmp/.X1-lock, ఆ డిస్‌ప్లే వాడుకలో ఉందని చెప్పే గుర్తు) ఉందట. తెరిస్తే లోపల ఒక్కటే నంబరు, నిన్న నేను చంపిన ప్రాసెస్‌ది. మైనస్ 9 కొడితే ఏ ప్రాసెస్‌కీ సర్దుకుని పోయే వ్యవధి ఉండదు. నడుస్తున్న ప్రాసెస్‌లు చూపే పీఎస్ కమాండులో ఆ నంబరు లేదని చూసుకుని లాక్ ఫైలునీ, టీఎంపీలోనే ఉన్న డాట్ ఎక్స్11 యూనిక్స్ ఫోల్డర్‌లోని ఎక్స్1 సాకెట్‌నీ (ప్రోగ్రాంలు ఆ డిస్‌ప్లేకి కనెక్ట్ అయ్యే ఫైలు) తీసేశాను. వెంటనే 1 వచ్చింది.

ఇలాంటప్పుడు రీస్టార్ట్ చేసెయ్యమని సలహా ఇచ్చేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. రీస్టార్ట్‌తో చాలా లినక్స్‌లలో ఆ పాత లాక్ పోతుంది, నిజమే. మిగతా ఏడుగురి పనీ పోతుంది కదా! పిల్లలు సేవ్ చేసుకోలేదని మళ్లీ వాళ్లనే తిడతారు. ఎర్రర్‌లో రెండు వరుసలు చదవడానికి ఏం బద్ధకమో.

మీది స్క్రిప్టు అయితే నంబరు మీరు ఊహించి ఇవ్వకండి. మీరు ఖాళీ అని చూసేలోపు ఇంకొకరు దాన్ని తీసుకోవచ్చు. ఎక్స్‌వీఎఫ్‌బీకి (మానిటర్ లేకుండానే డిస్‌ప్లే ఇచ్చే ప్రోగ్రాం) డిస్‌ప్లే ఎఫ్‌డీ (-displayfd) ఆప్షన్ ఇస్తే అదే ఖాళీ నంబరు ఎంచుకుని మీకు చెబుతుంది. వీఎన్‌సీ సర్వర్‌ని నంబరు లేకుండా నడిపితే ఏ డిస్‌ప్లే తీసుకుందో స్క్రీన్ మీద వేస్తుంది. ఆ నంబరుకే కనెక్ట్ అవండి.