నెల్లూరులో మైనరుకు మద్యం పోసిన రెస్టారెంటుకు శిక్ష ఏమిటి?

నెల్లూరు ట్రంకు రోడ్డులోని బార్ అండ్ రెస్టారెంటులో ఇంటర్ చదివే పిల్లవాడికి బీరు పోస్తే ఎంత జరిమానా పడుతుందని మీరు అడిగారు. ఇది జరిమానాతో తీరిపోయే తప్పు కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. ఈ నియమాన్ని మీరిన బారుపై 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద కేసు పెట్టవచ్చు. అదే చట్టంలోని 31వ సెక్షన్ ప్రకారం లైసెన్సును తాత్కాలికంగా నిలిపివేయవచ్చు, రద్దు కూడా చేయవచ్చు. యజమాని నిజంగా భయపడేది దీనికే.

తాగినవారికి 18 ఏళ్లు కూడా నిండకపోతే విషయం మరింత తీవ్రమవుతుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్, వైద్యుని సలహాపై తప్ప బాలలకు మద్యం ఇచ్చినవారెవరికైనా ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్షను, లక్ష రూపాయల వరకు జరిమానాను నిర్దేశిస్తోంది. ‘ఇచ్చినవారు’ అన్న మాటలో గ్లాసు అందించిన సర్వరు కూడా ఉంటాడు కనుక, పై నుంచి ఆర్డరు వచ్చిందని అతడు తప్పించుకోలేడు. నెలజీతానికి పనిచేసే ఆ కుర్రాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. పిల్లల చేత మద్యం మోయించినా, అమ్మించినా 78వ సెక్షన్ కింద ఇదే శిక్ష.

ఫిర్యాదు చేసేటప్పుడు తేదీ, సమయం ఉన్న బిల్లును, వయసు రుజువుగా పదో తరగతి సర్టిఫికెట్టును జతచేసి ఎక్సైజ్ స్టేషన్‌లో ఇవ్వండి. బాలల విషయమైతే పిల్లల సహాయ నంబరు 1098కి కూడా ఫోన్ చేయవచ్చు.